పిన్ను లేని పత్రిక

పత్రికల్లో పని చేయాలని ముచ్చటపడే పిల్లలు ఇప్పటికీ ఒకరో ఇద్దరో ఆల్థాన్‌లోని మా ఇంటికి వస్తుంటారు. సూరత్‌లో తెలుగు చదవడం వచ్చిన పిల్లలే తక్కువ, అందులో తెలుగులో రాస్తామని వచ్చేవాళ్ళంటే నాకు జాలీ ప్రేమా రెండూ కలుగుతాయి. చాయ్ తాగుతూ అడుగుతారు, "సార్, కొత్త పత్రికలో చేరేముందు ఏం చూసుకోవాలి?" అని. యజమాని పేరుప్రతిష్ఠలు చూసుకోమంటానని వాళ్ళు అనుకుంటారు. నేను మాత్రం పత్రిక మధ్య పేజీ తెరిచి పిన్ను కొట్టారో లేదో చూసుకోమంటాను. ముసలాయనకు చాదస్తం అనుకుని నవ్వేసి వెళ్ళిపోతారు. ఆ చాదస్తం ఎక్కడిదో ఒకసారి పూర్తిగా చెప్పేస్తే నాకూ బరువు దిగుతుంది.

హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో ఇరవై రెండేళ్ళు ఇతరుల వాక్యాలు దిద్దాను. మా ఆవిడది రైల్వే ఉద్యోగం. ఆమెకు సూరత్ బదిలీ అయితే, పెట్టెలతో పాటు నేనూ వచ్చాను. ఈ ఊళ్ళో తెలుగు అచ్చు ముఖం చూస్తానా అని దిగులు పడుతుండగా మూడో నెలలోనే కబురు వచ్చింది. తెలంగాణ నుంచి మరమగ్గాల మీద పనికి వచ్చి, డిండోలి వైపు, వడోద్ వైపు స్థిరపడిన నేత కుటుంబాలు ఇక్కడ బోలెడు. వాళ్ళలోంచే పైకి వచ్చిన చీరల వ్యాపారి ఒకాయన మనవాళ్ళ కోసం మాసపత్రిక పెడుతున్నాడట. ఆయన్ని అందరూ సేట్ అంటారు, నేనూ అలాగే అంటాను.

ఇంటర్వ్యూ ఆయన దుకాణంలోనే, తెల్లటి పరుపు మీద కూర్చుని జరిగింది. నేను పని చేసిన పత్రిక ప్రతులు కొన్ని పట్టుకెళ్ళాను. ఆయన ఒక్క అక్షరం చదవలేదు. పేజీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశాడు.

"సార్, రాసుడు మీ ఇష్టం. నేను ఒక్క ముక్క ముట్ట. కాగితం మాత్రం నా ఇష్టం" అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో ఏ యజమాని నోటా వినని మాట అది. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మాట ఆయన ఎందుకన్నాడో తెలుసుకోవడానికి నాకు ఏడేళ్ళు పట్టింది.

నలభై ఎనిమిది పేజీల పత్రిక. సంపాదకుణ్ణి నేనే, ప్రూఫులు దిద్దేది నేనే, వ్యాసం రానప్పుడు మారుపేరుతో రాసేది నేనే. కథలు, వంటలు, పిల్లల పేజీ, రాశిఫలాలు, సూరత్ నేతవాళ్ళ సంఘం వార్తలు. రాశిఫలాలు రాసే పంతులుగారు పెళ్ళిళ్ళ సీజన్‌లో ఫోన్ ఎత్తేవారు కాదు కాబట్టి రెండు మూడు సార్లు పన్నెండు రాశుల వాళ్ళ భవిష్యత్తూ నేనే నిర్ణయించాను. నా రాశికి కొంచెం మంచి రాసుకున్నాను, ఫలించలేదు. నెలలో ఇరవై రోజులు ఆఫీసులో, మిగతా పది రోజులు ఉధ్నాలోని ప్రెస్సులో. ఒకసారి ఫొటో కింద పేర్లు తారుమారయ్యాయని మెషిన్ ఆపించి, ప్రెస్సాయన చేత గుజరాతీలో తిట్లు తిన్నాను. అర్థం కాలేదు గనుక గౌరవంగానే తీసుకున్నాను.

సేట్ మాట నిలబెట్టుకున్నాడు. రాతల జోలికి రాలేదు. కాని కాగితం విషయంలో నన్ను పీల్చి పిప్పి చేశాడు. "మందం తగ్గొద్దు సార్" అనేవాడు. ప్రతి నెలా నమూనా షీటు తెప్పించుకుని, అంచు పట్టుకుని గాలిలో నిలబెట్టేవాడు. వంగితే వాపస్. బొటనవేలికి ఉమ్మి రాసుకుని ముఖచిత్రం మీద రుద్దేవాడు. రంగు అంటితే వాపస్. ఒకసారి దసరా ముఖచిత్రానికి చక్కటి ఎరుపు వేయిస్తే మూడుసార్లు వెనక్కి పంపి, చివరికి లేత పసుపు దగ్గర శాంతించాడు. అన్నిటికంటే ముఖ్యమైన ఆజ్ఞ, పిన్ను కొట్టకూడదు. పన్నెండు పెద్ద షీట్లు, ఒక్కో షీటు మీద నాలుగు పేజీలు, ఒకదానిలో ఒకటి పెట్టి మడవడమే.

"పిన్ను లేకపోతే చెదిరిపోతాయి కదా సేట్" అంటే, "చిన్న పోరగాండ్ల చేతులకు గుచ్చుకుంటయ్ సార్" అన్నాడు.

ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడతో, "పాఠకుల పిల్లల వేళ్ళ గురించి ఆలోచించే యజమాని దేశంలో ఇంకొకడు ఉండడు" అన్నాను. ఆమె కూరగాయలు తరుగుతూ, "మరి ఆయన ఇచ్చే చీరల్లో అట్ట ఎందుకుండదు?" అని అడిగింది. సేట్ ప్రతి పండక్కీ ఆమెకు చీర పంపేవాడు. కొన్న చీర ఏదైనా మడత మధ్య అట్టముక్క పెట్టుకుని నిటారుగా వస్తుంది. మా చీరలు మాత్రం జ్వరం వచ్చిన మనిషిలా వాలిపోయి వచ్చేవి. "ఇంటివాళ్ళకు ఇచ్చేదానికి అట్ట ఎందుకులే, ఆత్మీయత" అని నేను సమాధానం చెప్పాను. ఆడవాళ్ళు ఒక ప్రశ్న అడిగితే, దానికి జవాబు మన దగ్గరుందని అనుకోకండి. ఇది ఉద్యోగ సలహా కాదు, అయినా చెబుతున్నాను.

పత్రిక నాలుగు వేల ప్రతులు. రెండు వందలు సూరత్‌లో సంఘం మీటింగుల్లో పంచేవారు. మిగతావన్నీ "ఊరికి" పోయేవి, అంటే తెలంగాణకు, నేతవాళ్ళున్న ఊళ్ళకు. టెంపోలో కట్టలు ఎక్కించి వడోద్ దగ్గరున్న సేట్ గోదాముకు పంపడంతో నా పని అయిపోయేది. అక్కడి నుంచి డిస్పాచ్ ఆయన మనుషులది. నెలకోసారి నేను ఉండబట్టలేక అడిగేవాణ్ణి.

"ఊళ్ళో ఏమంటున్నారు సేట్, పత్రిక గురించి?"

"మస్తు పేరున్నది సార్. మొన్న కరీంనగర్ దిక్కు పోయినప్పుడు ఒక ముసలాయన కలిసిండు. మీ రాతలు చదివి ఏడ్చిండట. నిజంగ, కండ్లు తుడుసుకుంట చెప్పిండు నాకు."

ఆ ముసలాయనతో నేను ఏడేళ్ళు బతికాను. వాక్యం రాసి, ఇది ఆయనకు అర్థమవుతుందా అని ఆలోచించి, కొట్టేసి మళ్ళీ రాసేవాణ్ణి. ఒకసారి తొందరలో మామిడి ఆవకాయ కొలతల్లో ఉప్పు నాలుగింతలు పడింది. నెలంతా భయంతో చచ్చాను. ఒక్క తిట్టు రాలేదు, ఒక్క ఉత్తరం రాలేదు. తెలంగాణ పాఠకులది ఎంత పెద్ద మనసో అని పొంగిపోయాను. పేజీల అడుగున నా ఫోన్ నంబరు వేసేవాణ్ణి, అభిప్రాయాలు చెప్పమని. ఫోన్లు వచ్చేవి కూడా. "సార్, ఆ ఆకుపచ్చ అంచు చీర ఇంకో ఇరవై పంపిస్తరా?" అని అడిగేవారు. ప్రకటనలు చూసి చేస్తున్నారు కాబోలని సేట్ నంబరు ఇచ్చేవాణ్ణి. ఇవన్నీ ఇప్పుడు వరసగా రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. పొగడ్త చెవిలో పడ్డాక కళ్ళు సరిగా పనిచేయవు.

ఆరో ఏడు చివర్లో నేనొక శీర్షిక మొదలుపెట్టాను. ఊరు విడిచి సూరత్ వచ్చిన తొలి రోజుల గురించి పెద్దవాళ్ళ చేత చెప్పించి రాయడం. డిండోలిలో ఒక పెద్దాయన ఉండేవాడు. నలభై ఏళ్ళు మరమగ్గాల మీద పనిచేసి, చెవులు సగం పోగొట్టుకుని, కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ణి. ఎన్నిసార్లు వెళ్ళినా ఊరు ఎందుకు విడిచాడో చెప్పేవాడు కాదు. నాలుగోసారి కోడలు పెట్టిన అటుకులు తింటుండగా తనే మొదలుపెట్టాడు.

చెల్లెలి పెళ్ళి. మూడు రోజులుగా ఆగని వాన. కట్టెలన్నీ నానిపోయి పొయ్యి అంటుకోవడం లేదు. మగపెళ్ళివాళ్ళు వచ్చేశారు. ఇంట్లో పొడిగా ఉన్న కట్టె ఒక్కటే, చనిపోయిన తండ్రి బట్ట నేసిన గుంట మగ్గం. కాకా గొడ్డలి తీసుకుని దాన్ని చీల్చి పొయ్యిలో పెట్టాడు. వంట అయింది, పెళ్ళి అయింది. తమ్ముడు మాత్రం విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజు నుంచి అన్నతో మాటలు లేవు. వారం తిరగకుండా కాకా సూరత్ రైలెక్కాడు.

"పప్పు గూడ మంచిగ ఉడకలేదు సారూ" అన్నాడు కాకా. "గంత చేసిన గని పప్పు బద్దలుబద్దలుగనే ఉండె."

"ఫోన్ చేసి తప్పయిందని చెప్పొచ్చు కదా కాకా?"

"ఎత్తడు. ఎత్తినా నా గొంతు వింటే పెట్టేస్తడు. పోస్టుల పంపితే నేను పంపిన్నని చింపుతడు. అచ్చుల రావాలె. ఊరోళ్ళు చదివి వానికి చెప్పాలె. అప్పుడు వాడు అడిగి తెప్పించుకుంటడు. అచ్చైందంటే వానికి మస్తు నమ్మకం."

సేట్‌ను అడిగాను. ఫలానా ఊరు, అక్కడికి పత్రిక పోతుందా అని. "ఇరవై కాపీలు పోతయ్ సార్. నాది పూచీ" అన్నాడు. ఆ మాట పట్టుకెళ్ళి కాకాకు చెప్పాను. ఇది మాత్రం గుర్తుంచుకోండి: పూచీ ఆయనదే కాని, మాట ఇచ్చింది నేను.

ఆ కథ రాయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. పన్నెండో పేజీలో వాన, పెళ్ళి, మగ్గం, గొడ్డలి. పదమూడో పేజీలో సూరత్, నలభై ఏళ్ళు, చివర్లో కాకా నోటి మాట నోటి మాటగానే వేశాను: "తమ్ముడూ, తప్పు నాదే. కట్టెలు దొరకక కాదు, అడుగుతే నువ్వు వద్దంటవని అడగలే." ఆ వాక్యం మీద నేను కలం పెట్టలేదు. నా జీవితంలో నేను చేసిన మంచి ఎడిటింగ్ అదేనేమో.

పత్రిక వచ్చింది. కాకాకు ఒక ప్రతి ఇచ్చాను. కొడుకు చదివి వినిపిస్తుంటే గోడ వైపు తిరిగి కూర్చున్నాడట. తర్వాత ఇంకో రెండు ప్రతులు కావాలని కబురు పంపాడు. ఆఫీసులో అప్పటికే అయిపోయాయి. బతుకమ్మ చీరల సీజను, సేట్ మనుషులెవరూ ఫోన్ ఎత్తడం లేదు. సరే, గోదాములో నాలుగు వేల ప్రతులున్నాయి, రెండు నేనే తెచ్చుకుంటే పోయిందనుకుని ఆటో ఎక్కి వడోద్ వెళ్ళాను. ఏడేళ్ళలో ఆ గోదాములో అడుగుపెట్టడం అదే మొదలు.

లోపల పొడుగాటి హాలు. కింద గుడ్డ పరిచి ఒక వరసలో పన్నెండు మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎదురుగా కొండల్లా చీరలు. ఒక్కో చీర తీసి, సగానికి పరిచి, పక్కనున్న కట్టలోంచి ఒక కాగితం లాగి చీర మధ్యలో పెట్టి, చకచకా మడిచి, ప్లాస్టిక్ కవరులో దూర్చి పక్కకు విసురుతున్నారు. చూడముచ్చటైన పని. నేను కాసేపు మెచ్చుకుంటూ నిలబడ్డాను కూడా. తర్వాత ఆకుపచ్చ చీరలోకి వెళ్తున్న కాగితం మీద నా ఫొటో కనబడింది. నా సంపాదకీయం, నా మీసం, నా కళ్ళద్దాలతో సహా మడతలోకి వెళ్ళిపోయాయి.

దగ్గరున్న ఆమె, నలభై ఏళ్ళుంటాయేమో, తలెత్తి చూసింది. "మాల్ చూసెతందుకు వచ్చిన్రా సార్?"

"కాదమ్మా. రెండు పుస్తకాలు కావాలి. ఇవి" అని వేలు చూపించాను.

"అట్టలా? ఏ నంబర్ అట్ట కావాలె? పన్నెండో పేజిది నా కాడ ఉన్నది. పదమూడో పేజిది గా అక్క కాడ. మా లైన్ల ఒక్కొక్కలకు ఒక్కటే వస్తది సార్."

పన్నెండు షీట్లు, పన్నెండు మంది. పత్రిక విప్పి, షీటుకొక కట్ట చేసి, మనిషికొక కట్ట ఇచ్చారు. పిన్ను ఎందుకు వద్దన్నాడో, మందం ఎందుకు కావాలన్నాడో, ఉమ్మి రాసి ఎందుకు రుద్దాడో ఏడేళ్ళ లెక్క ఒక్క క్షణంలో తేలింది. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. చీరల మూట మీద కూలబడ్డాను.

ఆమె మంచినీళ్ళ సీసా అందించింది. చేయి ఆపకుండానే మాట్లాడింది. "ఇండ్ల ఒక కథ ఉన్నది సార్. మగ్గం కొట్టి పొయ్యిల పెడతడు. పొద్దుగాల సంది అదే చదువుతున్న. చదవకు, మడువు అంటడు మా సూపర్‌వైజరు. గని కండ్లు ఊకుంటయా? ఆ తర్వాతది గా అక్కకు వస్తది. మధ్యాన్నం బువ్వ తినేటప్పుడు చెప్పింది, నేను ఇద్దరన్నదమ్ములను తలుసుకొని ఏడ్సిన."

నేను తల ఊపాను.

"ఎవరు రాస్తరో గని మంచిగనే రాస్తడు సార్. జర సాగదీస్తడు, గంతే."

ఎవరు రాస్తారో నేను చెప్పలేదు. ఆ రెండు పేజీలవీ రెండేసి షీట్లు అడిగి తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, నేరుగా సేట్ దుకాణానికి వెళ్ళాను. దారిలో ఎన్ని డైలాగులు సిద్ధం చేసుకున్నానో చెప్పలేను. వెళ్ళగానే నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న మాత్రం వేరు.

"ఆ ఏడ్చిన ముసలాయన ఎవరు సేట్?"

"ఏ ముసలాయన సార్?"

"కరీంనగర్ వైపు. నా రాతలు చదివి కళ్ళు తుడుచుకున్నాడన్నారు."

సేట్ పైకప్పు వైపు చూశాడు. "యాదికొస్తలేడు సార్" అన్నాడు.

సంచిలోంచి షీట్లు తీసి పరుపు మీద పెట్టాను. ఆయన ఏమీ తడబడలేదు. సిగ్గుపడితే నాకు తృప్తిగా ఉండేదేమో. చాయ్ చెప్పి, నాకు ధంధా పాఠం చెప్పడం మొదలుపెట్టాడు.

"అరె సార్, జర సమజ్ చేస్కోండ్రి. సంఘపోళ్ళ ప్రకటనలతోని అచ్చుకర్సు ఎళ్ళిపోతది, చీరకు అట్ట దొరుకుతది. ఎవలికి నష్టం? పోస్టుల పుస్తకమొస్తే ఎవలన్న ఇప్పుతరా? మూలకు పడేస్తరు. చీర ఇప్పకుంట ఎవలన్న ఉంటరా? ఇండియాల అసొంటి గ్యారంటీ ఉన్న పేపరు ఇంకోటి చూపియ్యండ్రి."

ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ మాటలో కొంత నిజం ఉంది. ఎదుటివాడి అబద్ధం కంటే అందులోని నిజమే ఎక్కువ మండిస్తుంది.

"ఆ ఊరికి ఇరవై కాపీలు పోతాయని మీరు పూచీ ఇచ్చారు. నేను ఆ పెద్దమనిషికి మాటిచ్చాను. ఇప్పుడు ఆయన మగ్గం కాల్చిన ముక్క ఒక చీరలో, తప్పయిందన్న ముక్క ఇంకో చీరలో పోయాయి. ఊళ్ళో పరువు తీశాం ఆయనది" అన్నాను. గొంతు పెరిగింది. పక్క దుకాణంలోని మార్వాడీ తొంగి చూశాడు.

సేట్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం. "ఒక పని చేద్దాం సార్. వచ్చే నెల మళ్ళ వేద్దాం. తప్పు, మాఫీ, రెండు ఒకే షీటు మీద పడేటట్టు సెట్ చెయ్యండ్రి. నాలుగు వేల చీరలల్ల పంపిస్త. ఆ ఊరి దిక్కుకే."

ఇక్కడ మీరు నన్ను తిడతారని తెలుసు. మంచి ప్రతిపాదనే. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే నాకే అనిపిస్తుంది, ఒప్పుకుని ఉండాల్సిందేమో అని. కాని ఆ క్షణంలో నా ముందు కూర్చున్న మనిషి ఏం చెప్పినా దాని వెనక ఆ ముసలాయనే కనబడుతున్నాడు. నాలుగు వేలంటే నాలుగు వేలేనా, చీరలంటే చీరలేనా, ఏదీ నమ్మబుద్ధి కాలేదు. అట్టలకు వాడుతున్నానని మొదటి రోజే చెప్పి ఉంటే, ఒట్టు, నేను చేరేవాణ్ణేమో. అట్ట కోసమైనా అందంగా రాసేవాణ్ణి. లేని మనిషిని సృష్టించి ఏడేళ్ళు నా చేత ప్రేమింపజేయడమే నాకు మింగుడు పడలేదు.

"చెప్తే మీరు గంత మంచిగ రాస్తుంటిరా సార్?" అన్నాడు సేట్, నా మనసు చదివినట్టు.

అక్కడే కూర్చుని, సంచిలో ఉన్న ఖాళీ నమూనా కాగితం మీద రాజీనామా రాశాను. రెండే వాక్యాలు. నేను సాగదీయకుండా రాసిన మొదటి రచన. సేట్ దాన్ని అందుకున్నాడు. చదవకముందే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశాడు. అలవాటు.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ పని ఆపి లేచింది. బీరువా తెరిచి, సేట్ ఇచ్చిన వాలిపోయిన చీరలన్నీ చూసి, "అందుకా" అంది. ఏడేళ్ళుగా ఆమె నుంచి రహస్యం కాపాడటానికి అట్టలు తీసి మరీ పంపిన ఆ మనిషి జాగ్రత్తను తలుచుకుని ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నవ్వు అయ్యాక నాకు కాకా గుర్తొచ్చాడు, మళ్ళీ నవ్వలేకపోయాను.

మర్నాడు డిండోలి వెళ్ళాను. కుంటిసాకులు చెప్పకూడదని ముందే నిర్ణయించుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పత్రిక ఊరికి పోలేదు, చీరల మడతల్లో పోయింది, మీ తప్పు ఒక దాంట్లో, మీ క్షమాపణ ఒక దాంట్లో, మాటిచ్చి మోసం చేసినవాణ్ణి నేను. కాకాకు చెవులు సరిగా వినబడవు గనుక ఇదంతా అరిచి చెప్పాల్సి వచ్చింది. వీధిలో సగం మంది నా నేరం విన్నారు.

కాకా కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే ఊరికి పోయినయా, పోలేదా?"

"చీరలు పోయాయి కాకా."

"మా మరదలు రెండు చీరలు కొనాలె అన్నట్టు." లెక్క వేసుకున్నాడు. "ఒకటే కొంటె నా పని ఖతం. పెద్ద పిసినారిది సారూ అది." అప్పుడు నా మొహం చూసి భుజం తట్టాడు. "నువ్వెందుకు గట్ల మొకం పెట్టినవ్? నువ్వు నా మగ్గమేమన్న కొట్టినవా?"

కోపగించుకుంటే బాగుండేది. అలా తట్టేసరికి నాకు ఏడుపు వచ్చింది, అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం మధ్యాహ్నం కాకా దగ్గరికి వెళ్ళడం అలవాటైంది. ఉద్యోగం లేదు కదా, ఇంకేం పని. గోదాము నుంచి తెచ్చిన షీట్లు ఆయన తలగడ కింద ఉండేవి. ఊరి నుంచి ఏ కబురూ రాలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఆయన నా వైపు చూసేవాడు, నేను చూపు తప్పించేవాణ్ణి.

దసరాకు ముందు ఆదివారం. కోడలు పకోడీలు వేస్తోంది. నా ఫోన్ మోగింది. తెలియని నంబరు, ఆడగొంతు, అటు జగిత్యాల యాస.

"సార్, మీ నంబర్ చీరల కాగితం మీద ఉన్నది."

"నేను ఇప్పుడు అక్కడ పనిచేయడం లేదమ్మా. రేట్లకైతే సేట్ నంబరు ఇస్తాను."

"చీర సంగతి కాదు సార్. పన్నెండో పేజీ సంగతి."

నా చేతిలో పకోడీ అలాగే ఉండిపోయింది.

"మగ్గం కొట్టి పొయ్యిల పెట్టిండు. అయిపోయింది. దాని పక్కకే ముప్పై ఏడో పేజి, వంకాయ పచ్చడి ఉన్నది. మడిచి చూసినం, తిప్పి చూసినం, ఇంకేం లేదు. వంకాయ పచ్చడి చేస్కొని తిన్నం, మంచిగనే వచ్చింది. గని మగ్గం కొట్టినోడు ఏమైండు సార్? మా ఇంట్ల నాలుగొద్దుల సంది ఇదే పంచాయితీ. నాయన మగ్గం కాల్చినోడు మనిషేనా అని మా అత్త ఒకటే తిట్టుడు. మా మామేమో, ఆన పడుతుంటె మనిషేం చేస్తడు అంటడు. ఇద్దరికి మాటల్లేవు."

స్పీకరు నొక్కి ఫోను కాకా చెవి దగ్గర పెట్టాను. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, అత్తగారి తిట్లతో సహా. కాకా ఒక్కో తిట్టుకూ తల ఊపుతూ విన్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, ఆ మగ్గం కొట్టినోణ్ణి నేనే."

ఆ వెంటనే కాకా నేను ఊహించని ప్రశ్న అడిగాడు.

"చీర ఎట్లున్నది? రంగు దిగుతున్నదా?"

నలభై ఏళ్ళు చీరల బట్ట నేసిన మనిషి. కట్టుకున్న మనిషి గొంతు వినడం ఆయనకు అదే మొదటిసారట, తర్వాత చెప్పాడు. నాకూ చదివిన మనిషి ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"దిగుతలేదు తాతా. చీర మంచిగున్నది. కథనే సగమున్నది" అందామె. "తర్వాత ఏమైందో చెప్పు. మా అత్త గూడ వింటున్నది."

కాకా తలగడ కింది నుంచి పదమూడో పేజీ తీసి నా చేతికిచ్చాడు. నేను చదివాను. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి కాకా చేయి అడ్డం పెట్టి, ఆ వాక్యం తనే చెప్పాడు, కాగితం చూడకుండా. అటువైపు ఎవరో ముక్కు చీదుతున్న చప్పుడు వినబడింది. తర్వాత పెద్దావిడ గొంతు ఒకటి ఫోన్లోకి వచ్చి, ఏ ఊరు మీది అని అడిగింది. కాకా చెప్పాడు. తమ్ముడి ఇంటి గుర్తులు కూడా చెప్పాడు. బస్సులో గంట దూరమేనట.

"దసరా అయినంక నేను, నా కోడలు పోతం. నేను తిట్టినంత తిట్టిన, ఇగ నేనే సదివి వినిపిస్త" అంది ఆవిడ. "గా రెండో కాగితం నాకు పంపుండ్రి."

చిరునామా రాసుకున్నాను. కాకా కోడలు పకోడీల చేతులు తుడుచుకుని ఒక కవరు వెతికి తెచ్చింది. ఏడేళ్ళు సంపాదకుడిగా ఉండి, ఒక పాఠకురాలికని పేరు రాసి పంపిన మొదటి ప్రతి అది. పదమూడో పేజీ షీటు మడిచి కవరులో పెట్టబోతుంటే కాకా నా చేయి పట్టుకుని ఆపాడు. తలగడ కింద ఉన్న పన్నెండో పేజీ షీటు కూడా తీసి దాని మీద పెట్టాడు.

"అది వాళ్ళ దగ్గర ఉంది కదా కాకా" అన్నాను.

"ఉండనియ్ సారూ. రెండు కలిపే పంపు" అన్నాడు కాకా. "ఈసారి పిన్ను కొట్టు."